పండగ డ్యూటీలో ఉన్నవాళ్లకు ఒక ఆరబెట్టే స్టాండు: ప్రాజెక్టు డైరీ

పండగకు 36 రోజులు

సెలవుల్లో డ్యూటీ చేసే అగ్నిమాపక సిబ్బందికి థాంక్స్ చెప్పాలంటే ఎవరికైనా ముందు తట్టేది తినుబండారాల పెట్టె, ఒక బ్యానరు, ఒక గ్రూప్ ఫొటో. పెట్టె ఆ పూటకే ఖాళీ అవుతుంది. బ్యానరు నెల తిరక్కుండానే వెలిసిపోతుంది. ఈసారి అనుకున్నది వేరు: స్టేషన్‌లో ఏడాది పొడవునా పనికొచ్చే వస్తువు ఒకటి చేతులతో చేసి, పండగకు వారం ముందు అప్పగించడం.

ఏ వస్తువన్నది ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు, అడిగి తెలుసుకోవాలి. అత్యవసర నంబరుకు ఈ పని మీద ఫోన్ చేయకూడదు, స్టేషన్ ఆఫీసు నంబరు వేరే ఉంటుంది. షిఫ్టు మారే గంటలో కూడా వద్దు. అప్పుడు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి బండి మీది సామాను ఒక్కొక్కటి సరిచూసి అప్పజెప్పుకుంటారు. ఆ తనిఖీ అయ్యాక గంట తర్వాత ఫోన్ చేస్తే తీరిగ్గా మాట్లాడతారు. అడగాల్సినవి అయిదు: ఎన్ని షిఫ్టులు, ఒక్కో దాంట్లో ఎంతమంది, బయటివాళ్లు చేసిన వస్తువు తీసుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి, రోజూ విసిగించే చిన్న సమస్య ఏమిటి, వస్తువు పెట్టే చోట ప్లగ్గు ఎంత దూరంలో ఉంది.

నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబుతోనే ప్రాజెక్టు తేలిపోయింది. ఫైర్ సూట్లు ఆరడం లేదు. రాత్రి పిలుపుకి వెళ్లి తడిసిన కోటు, ఉతికిన తర్వాత కూడా, కొక్కేనికి వేలాడదీస్తే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది.

ఇది చిన్న చికాకు కాదు. ఆ కోటులో మూడు పొరలుంటాయి: మంటను తట్టుకునే పై గుడ్డ, నీటిని ఆపే పల్చటి పొర, లోపల వేడిని ఆపే మెత్తటి లైనింగు. వేడిని ఆపేది నిజానికి ఆ లైనింగులో చిక్కుకున్న గాలి. దాని చోట నీళ్లు చేరితే వేడి చర్మం దాకా త్వరగా వస్తుంది, తడి ఆవిరై కాలుస్తుంది కూడా. తడి సూటు మడిచి పెడితే బూజు పడుతుంది, కుట్లు బలహీనపడతాయి. మధ్యలో ఉన్న పల్చటి పొర నీళ్లతో పాటు గాలినీ చాలావరకు ఆపేస్తుంది కాబట్టే కొక్కేనికి వేలాడే కోటు లోపల ఆరదు. గాలిని లోపలి నుంచే పంపాలి.

కాబట్టి చేయాల్సింది పీవీసీ పైపుల స్టాండు. కింద బ్లోయరు, పైపులకు రంధ్రాలు. కోటు, ప్యాంటు, బూట్లు, గ్లవ్స్ తొడిగేస్తే గాలి లోపల్నుంచి వీస్తుంది. ఫ్యాక్టరీలో తయారైనవీ దొరుకుతాయి, సూత్రం ఒకటే.

పండగకు 33 రోజులు

అనుమతి కాగితం. దీన్ని చివరికి వదిలేసేవాళ్లే ఎక్కువ, వస్తువు గేటు దగ్గర ఆగిపోయేది కూడా అందుకే. ఒక్క పేజీ చాలు: చేత్తో గీసిన బొమ్మ కొలతలతో, సామాను జాబితా, ఫ్యాను ఎన్ని వాట్లు (100 వాట్ల లోపు), ఎంత చోటు పడుతుంది (1.3 మీటర్లు × 0.6 మీటరు). చివర్లో రెండు వాక్యాలు: ఇందులో హీటరు లేదు. వద్దనుకున్న రోజు మీరే తీసి పడేయవచ్చు, మమ్మల్ని అడగనక్కర్లేదు. ఈ రెండో వాక్యం అధికారికి పెద్ద ఊరట. ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారని స్టోరు గదుల్లో మూలుగుతున్న కానుకలు చాలానే ఉంటాయి.

హీటరు ఎందుకు లేదంటే, ఫైర్ సూట్ల సంరక్షణకు చాలామంది అనుసరించే అమెరికా అగ్ని రక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం ఉతికే నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని, యంత్రంలో ఆరబెట్టినా వేడి దాదాపు ఆ హద్దులోనే ఉండాలని చెబుతుంది. ఎండలో ఆరేయడమూ నిషిద్ధమే. పై గుడ్డలో ఉండే అరమిడ్ (మంటను తట్టుకునే కృత్రిమ నార) దారాలను సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు క్రమంగా బలహీనం చేస్తాయి. "ఎండలో వేస్తే అరగంటలో ఆరిపోతుందిగా" అనేది ఇంటి బట్టలకు సరిపోయే మాట. ఇక్కడ మామూలు గాలి, ఎక్కువ గాలి, నీడ. అంతే.

సూటు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన సంరక్షణ పుస్తకంలో ఆరబెట్టే భాగం తిరగేసి చూడమని స్టేషన్ వాళ్లనే అడగాలి. దానికి భిన్నంగా ఏదైనా ఉంటే పుస్తకం మాటే చెల్లుతుంది.

పండగకు 30 రోజులు

లెక్క. పైపులు కొనకముందే కాగితం మీద చూసుకోవాల్సింది ఒకటుంది: రంధ్రాల మొత్తం వైశాల్యం, వాటికి గాలినిచ్చే పైపు అడ్డుకోత వైశాల్యం కన్నా తక్కువ ఉండాలి. ఎక్కువైతే పైపులో ఒత్తిడి నిలవదు, గాలంతా కొన్ని రంధ్రాల్లోంచే పోయి, మిగతావి ఊపిరి లేకుండా ఉంటాయి. పొలానికి నీళ్లు పెట్టినట్టే, కొన్ని మడవలు పెద్దవైతే మిగతా మళ్లకు చుక్క చేరదు.

అడుగున అడ్డంగా పడుకునే పెద్ద పైపు 110 మి.మీ. దాని లోపలి వ్యాసం 103 మి.మీ. దాకా ఉంటుంది, వైశాల్యం సుమారు 8,300 చదరపు మి.మీ. దాని మీద నిలబడేవి:

కోటుకు 50 మి.మీ. పైపు ఒకటి (లోపల సుమారు 1,660 చ.మి.మీ.)
ప్యాంటు కాళ్లకు 40 మి.మీ. పైపులు రెండు (ఒక్కోటి సుమారు 1,020)
బూట్లకు 32 మి.మీ. మొనలు రెండు (ఒక్కోటి సుమారు 615)
గ్లవ్స్‌కు 25 మి.మీ. మొనలు రెండు (ఒక్కోటి సుమారు 345)

అన్నీ కలిపితే 5,600 చిల్లర. పెద్ద పైపులో మూడింట రెండు వంతులే కాబట్టి సరిపోతుంది. 8 మి.మీ. రంధ్రం వైశాల్యం 50 చ.మి.మీ. కోటు పైపుకి 24 రంధ్రాలు (1,200), ప్యాంటు పైపు ఒక్కోదానికి 14 (700). బూట్లు, గ్లవ్స్ మొనలకు రంధ్రాలు అక్కర్లేదు, పైకొస తెరిచే ఉంటుంది. వాటికి కాస్త ఎక్కువ వాటా పోతుంది, పోనివ్వాలి. అన్నిటికన్నా ఆలస్యంగా ఆరేవి అవే.

మొత్తం గాలి బయటికొచ్చే దారి సుమారు 4,500 చ.మి.మీ. సెకనుకు 10 మీటర్ల వేగం కావాలంటే గంటకు 160 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇక్కడ ఫ్యాను ఎంపికే కీలకం. మామూలు రెక్కల ఫ్యాను ఎదురు లేనిచోట బాగా వీస్తుంది, చిన్న రంధ్రాల్లోకి తోయమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. కావాల్సింది సెంట్రిఫ్యుగల్ (చక్రం తిరిగి గాలిని అంచులకు విసిరే) రకం, డక్టులో బిగించే 100 మి.మీ. ఇన్‌లైన్ బ్లోయరు. డబ్బా మీద ఘనపు మీటర్ల అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది, స్టాటిక్ ప్రెషరు (అడ్డున్నా గాలిని తోయగల ఒత్తిడి) చిన్నక్షరాల్లో ఉంటుంది. చూడాల్సింది రెండోదే, కనీసం 250 పాస్కల్స్.

పండగకు 28 రోజులు

సామాను వచ్చింది. 110 మి.మీ. పైపు 1.2 మీటర్లు, దానికి ఒక ఎండ్ క్యాపు, బ్లోయరు వైపు 110 నుంచి 100కి సైజు తగ్గించే రిడ్యూసరు. 50 మి.మీ. పైపు 2 మీటర్లు, అదే సైజు టీ (T ఆకారపు అతుకు) ఒకటి, క్యాపులు రెండు. 40 మి.మీ. పైపు 2.4 మీటర్లు, క్యాపులు రెండు. 32 మి.మీ. పైపు అర మీటరు, 25 మి.మీ. పైపు అర మీటరు. పెద్ద పైపులోకి దిగే చోట్లకు రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచున బిగుసుకునే రింగులు) ఏడు. ఫ్రేముకు 25 మి.మీ. ఇనుప చదరపు గొట్టం 7 మీటర్లు, లోపల రబ్బరు ఉన్న పైపు క్లాంపులు పది, బ్రేకున్న చక్రాలు రెండు, లేనివి రెండు. సాల్వెంట్ సిమెంటు చిన్న డబ్బా. 220 నంబరు గరుకు కాగితం నాలుగు షీట్లు. బ్లోయరు నోటికి పెట్టే ఫోమ్ ఫిల్టర్లు రెండు, ఒకటి వాడకానికి, ఒకటి మార్చుకోవడానికి.

పండగకు 26 రోజులు

కోతలు, రంధ్రాలు. కోటు పైపు నిలువు 1.4 మీటర్లు. పైన టీ, రెండు వైపులా 200 మి.మీ. చేతులు, కొసలకు క్యాపులు. భుజాల వెడల్పు మొత్తం 450 మి.మీ. దాటకూడదు, దాటితే చంకల దగ్గర కుట్టు సాగుతుంది. ప్యాంటు పైపులు ఒక్కోటి 1.1 మీటరు, మధ్య దూరం 220 మి.మీ.

రంధ్రాలు ఎక్కడ పెట్టాలన్నది సంఖ్యంత ముఖ్యం. కోటు పైపుకి 24లో చేతుల వైపు చెరి 6, అవి కిందికి, కొసలకు దగ్గరగా ఉండాలి, గాలి చేతుల్లోకి దిగాలి. మిగతా 12 నిలువు పైపు పైభాగంలో నాలుగు వరసలుగా, నాలుగు దిక్కులకూ. నిలువు పైపు కింది 600 మి.మీ.లో ఒక్క రంధ్రమూ వద్దు. కోటు అక్కడిదాకా రాదు, గాలి గదిలోకి పోతుంది. ప్యాంటు పైపులకు మోకాలి దగ్గర ఎక్కువ, పాదం దగ్గర తక్కువ. మోకాలి దగ్గర అదనపు మెత్త ఉంటుంది కాబట్టి అక్కడ చెమ్మ నిలుస్తుంది.

పీవీసీకి మామూలు డ్రిల్ బిట్టు వాడితే అవతలి వైపు చీల్చుకుని వస్తుంది, పైపు పగులుతుంది. స్టెప్ బిట్టు (మెట్లుమెట్లుగా లావయ్యేది), తక్కువ వేగం, ముందు 3 మి.మీ.తో దారి. పైపు లోపల సరిపోయే కర్రముక్క దూర్చి డ్రిల్ చేస్తే ఇంకా శుభ్రంగా వస్తుంది. హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం) పెద్ద పైపు కోసేటప్పుడు రివర్సులో ఓ పది చుట్లు తిప్పి గాడి పడ్డాక ముందుకు తిప్పాలి, లేకపోతే వంపు మీద జారుతుంది.

ఈ స్టాండులో అసలు ప్రమాదం రంధ్రాల అంచుల్లో ఉంది. డ్రిల్ చేసిన ప్రతి రంధ్రం చుట్టూ బ్లేడు లాంటి పొట్టు మిగులుతుంది. సూటు లోపలి లైనింగుకి అది తగిలితే నూలు లాగుతుంది, దాని వెనకున్న నీటి పొరకు చిన్న చిల్లు పడినా కోటు పనికిరాకుండా పోతుంది. 52 రంధ్రాలకు ఒక్కోదానికి కౌంటర్‌సింక్ బిట్టు (రంధ్రం అంచును ఏటవాలుగా చెక్కేది) ఒక చుట్టు, తర్వాత గరుకు కాగితం. పరీక్ష సులువు: పాత నైలాన్ మేజోడు చేతికి తొడుక్కుని పైపంతా నిమరాలి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ మళ్లీ గరుకు కాగితం. మొదటి నిమురులో చాలాచోట్ల పట్టుకుంది. ఒక పూట పూర్తిగా దీనికే పోయింది, పోవాల్సిందే.

బూట్ల మొనలు 250 మి.మీ. ఎత్తు. పైకొస అడ్డంగా కోస్తే బూటు అట్ట దాని మీద మూతలా కూర్చుని గాలి ఆగిపోతుంది. 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, వాలు వైపు బూటు ముందుభాగానికి తిప్పాలి. గ్లవ్స్ మొనలు 150 మి.మీ., కొసలో ఎదురెదురుగా రెండు గాట్లు, 10 మి.మీ. లోతు. వేళ్ల దగ్గర గుడ్డ మొనను మూసినా గాట్లలోంచి గాలి పోతుంది. వాడని మొనలకు రబ్బరు బిరడాలు, అవి ఊడి పోకుండా సన్నటి తాడుతో అక్కడే కట్టాలి.

పండగకు 23 రోజులు

గాలి పరీక్ష. ఏదీ అంటించకుండా ఉత్తినే దూర్చి బ్లోయరు వేసి, టిష్యూ కాగితం పీలికతో ప్రతి రంధ్రం దగ్గరా చూడాలి. బ్లోయరుకు దూరంగా ఉన్న ప్యాంటు పైపులో పీలిక ఎగిరింది, దగ్గరగా ఉన్న కోటు పైపులో అంతగా కదల్లేదు. తిరగబడినట్టుంది కదా. కారణం: బ్లోయరు నుంచి వచ్చే గాలి మొదటి పైపు నోటి ముందు నుంచి వేగంగా దాటిపోతుంది, పైకి తిరగడానికి దానికి వ్యవధి లేదు. పెద్ద పైపు మూసిన కొస దగ్గర వేగం తగ్గి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడి పైపులకే ఎక్కువ అందుతుంది. కోటు పైపును మూసిన కొస వైపుకి, గ్లవ్స్ మొనలను బ్లోయరు వైపుకి మార్చాక, బ్లోయరుకీ మొదటి మొనకీ మధ్య 300 మి.మీ. ఖాళీ వదిలాక అన్ని పీలికలూ ఎగిరాయి. అందుకే అంటించడం ఎప్పుడూ పరీక్ష తర్వాతే.

పండగకు 21 రోజులు

బరువు. తడిసిన సూటు మోయడం పీవీసీ వల్ల కాదు. నిలువు పైపు చివర 10 కిలోల ఇసుక సంచి కట్టి ఊపితే, పెద్ద పైపులో దిగిన చోట గ్రోమెట్ తెరుచుకుంది. ఇంకాస్త ఊపితే పైపు గోడే పగిలేది. పైపు గాలి కోసమే, బరువు ఇనుము మోయాలి. అడుగు ఫ్రేము 1.2 మీ. × 0.6 మీ., దాని మీద 1.6 మీటర్ల నిలువు గొట్టం, కోటు పైపును రెండు చోట్ల క్లాంపులతో దానికి పట్టించడం. టీ కింద ఒక అడ్డ గొట్టం ఉంటే భుజాల బరువు దాని మీదికి పోతుంది. ప్యాంటు గ్యాలిసులు (భుజాల మీది పట్టీలు) తగిలించడానికి నిలువు గొట్టానికి రెండు కొక్కేలు, కొసలకు రబ్బరు తొడుగులు. వెల్డింగు అయ్యాక తుప్పు పట్టని రంగు రెండు పూతలు. లైనింగుకు అంటిన తుప్పు మరక ఉతికినా పోదు.

మళ్లీ అదే సంచి, అదే ఊపు. ఈసారి గ్రోమెట్ దగ్గర కదలిక లేదు. ఫ్రేము పక్కకు ఒరుగుతుందేమో కూడా చూడాలి: అడుగు వెడల్పు 600 కన్నా తగ్గిస్తే ఒక్క భుజానికి సూటు తగిలించినప్పుడు వంగుతుంది.

పండగకు 19 రోజులు

నీళ్లు, కరెంటు. తడి సూటు నుంచి కారే చుక్కలు రంధ్రాల్లోంచి పైపులోకి, అక్కడ్నుంచి పెద్ద పైపులోకి దిగుతాయి. పెద్ద పైపు సమంగా ఉంటే ఆ నీళ్లు ఏదో ఒకరోజు మోటారును చేరతాయి. కాబట్టి పెద్ద పైపును మీటరుకు 10 మి.మీ. చొప్పున బ్లోయరుకు అవతలి వైపు వాల్చి, ఎండ్ క్యాపు అట్టడుగున 6 మి.మీ. రంధ్రం. దాని కింద ఒక పళ్లెం. బ్లోయరు ఎప్పుడూ ఎత్తు కొసనే, సూట్ల నీడన పడకుండా పక్కకు.

తీగకు ఎర్తు తప్పనిసరి, ఇనుప ఫ్రేముకూ ఎర్తు కలపాలి. ప్లగ్గు దగ్గర 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు, నాలుగు గంటల టైమరు. ఈ వైరింగు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతనే. నిప్పులార్పేవాళ్లకు షార్ట్ సర్క్యూట్ కానుకగా ఇవ్వకూడదు కదా.

పండగకు 15 రోజులు

కీళ్లన్నీ సాల్వెంట్ సిమెంటుతో అంటించాం, విడదీయాల్సిన నిలువు పైపులు మూడు తప్ప. వాటికి తలో స్క్రూ. సిమెంటు ఆవిర్లు మండే స్వభావం ఉన్నవి, ఆరుబయటే పని. ఆ వాసన సూట్లకు పట్టకుండా 24 గంటలు ఆరుబయట బ్లోయరు ఖాళీగా నడపాలి.

ఆరబెట్టే పరీక్షకు అసలు సూటు అడగకూడదు. మందపాటి దూది జాకెట్టు నీళ్లలో ముంచి, పిండి, త్రాసు మీద తూచి, తొడిగి, గంటగంటకూ తూచాలి. వరసగా రెండు తూకాల మధ్య తేడా ఒక శాతం లోపుకి వస్తే ఆరినట్టు. చేత్తో తాకి ఆరిందనుకోవడం నమ్మదగినది కాదు: గాలి తగిలిన గుడ్డ చల్లగా ఉండి తడిలా, లోపలి చెమ్మ వెచ్చగా ఉండి పొడిలా అనిపిస్తుంది. అలాంటిదే ఇంకో జాకెట్టు కొక్కేనికి వేలాడదీసి పోల్చితే స్టాండు పనితనం తెలుస్తుంది.

ఒక పలక రాసి ఫ్రేముకు బిగించాం, నాలుగే వాక్యాలు: ఉతికిన సూటు మాత్రమే. లైనింగు విడిగా తీసి, అదే ముందు. ఎండ తగలని, గాలి ఆడే గదిలో. ఫోమ్ ఫిల్టరు నెలకోసారి కడగండి.

మొదటి వాక్యం ఎందుకంటే, మసి పట్టిన సూటు లోపలికి గాలి ఊదితే ఆ మసి గదంతా పరుచుకుంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మసి సూటు పడుకునే గదికి, వంటింటికి దూరంగా ఉంచడం, త్వరగా ఉతకడం, పూర్తిగా ఆరబెట్టడం ఈ మూడూ ఒకే గొలుసు. ఆరడం ఆలస్యమవుతుందని ఉతకడం వాయిదా పడుతుంటే, ఆ అడ్డంకి ఈ స్టాండుతో తొలగుతుంది.

పండగకు 12 రోజులు

కార్డులు. చిన్న పనే అనిపిస్తుంది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మొదటిది లెక్క. 24 గంటలు డ్యూటీ, 48 గంటలు విరామం అంటే మూడు జట్లు. పండగ రోజు వెళ్లి ఇచ్చేస్తే ఒక జట్టుకే అందుతుంది, మిగతా రెండు జట్లకు గోడ మీద టేపు గుర్తులు మాత్రమే కనిపిస్తాయి. జట్టుకు ఒకటి చొప్పున మూడు కవర్లు, పైన జట్టు పేరు, ఒక్కోదాంట్లో అందరికీ సరిపడా. అంబులెన్సు వాళ్లకు 12 గంటల షిఫ్టులుంటే ఆ లెక్క వేరు, అడిగి రాసుకోవాలి.

రెండోది కంట్రోల్ రూమ్. ఫోనెత్తి, చిరునామా రాబట్టి, బండి పంపి, అది వచ్చేదాకా గుండె మీద ఎలా నొక్కాలో ఫోన్లోనే చెప్పేవాళ్లు ఎవరి ఫొటోలోనూ ఉండరు. ప్రతి ఘటనకూ మొదలు వినేది వాళ్లే, చివర ఏమైందో చాలాసార్లు వాళ్లకు తెలియదు. వాళ్లకు రాసే కార్డులో "మీ సేవలకు ధన్యవాదాలు" కన్నా "ఆ రోజు మీరు బండి పంపిన మనిషి ఇప్పుడు నడుస్తున్నారు" అన్న మాట వెయ్యి రెట్లు. పేరు, ఇంటి నంబరు, జబ్బు వివరాలు రాయకుండానే ఇది రాయొచ్చు.

పిల్లల కార్డులకు మెరుపుల పొడి వాడనివ్వొద్దు, అది రాలి ఆక్సిజన్ మాస్కుల పెట్టెల దాకా పోతుంది. 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల) అట్ట, స్కెచ్ పెన్ను. చుట్టూ ఎర్ర, నీలం రిబ్బను ముక్కలు, 5 సెం.మీ. పొడవు, 1 సెం.మీ. వెడల్పు, పైన కలిపి. ఎరుపు నిప్పుకు, నీలం నీళ్లకు గుర్తు. ఏటా మే 4న జరిగే అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినానికి ఇదే గుర్తు. 1998 డిసెంబరు 2న ఆస్ట్రేలియాలోని లింటన్ దగ్గర కార్చిచ్చులో అయిదుగురు స్వచ్ఛంద సిబ్బంది చనిపోయాక 1999లో ఆ రోజు మొదలైంది. చాలా దేశాల స్టేషన్లలో గుర్తుపడతారు.

ఇంట్లో వండినవి పంపే ఆలోచన మానుకుంటే మేలు. కొన్ని స్టేషన్లలో తెలియని వంటింటి తిండి తినరాదన్న నియమం ఉంటుంది, పిలుపొస్తే సగం తిన్నది అక్కడే ఉండిపోతుంది. సీలు తీయనివి, నిలవుండేవి, ఒక్కో మనిషికి ఒక్కో పొట్లంగా ఉన్నవి అయితే బండిలో వేసుకుని పోగలరు. డబ్బు కవరు అసలు వద్దు, తీసుకున్నవాళ్లకు ఇబ్బంది.

పండగకు 9 రోజులు

వీధి తాడు. ఇది ప్రాజెక్టులో మొదట లేదు. స్టాండు పెట్టే చోటు చూడటానికి వెళ్లినప్పుడు తెలిసిన విషయం నుంచి పుట్టింది: సెలవుల్లో చుట్టాల కార్లు నిండిన వీధుల్లో ఫైరింజను మలుపు తిరగలేకపోవడం స్టేషన్ వాళ్ల పెద్ద ఫిర్యాదు.

బ్రిటన్ భవన నిబంధనల్లో ఫైరింజనుకు రెండు అంచుల మధ్య 3.7 మీటర్ల రోడ్డు, గేటు దగ్గర 3.1 మీటర్లు కనీసం అంటారు. అంతర్జాతీయ ఫైర్ కోడ్ 6.1 మీటర్ల ఖాళీ దారి అడుగుతుంది. బండి వెడల్పు రెండున్నర మీటర్లే అయినా తలుపులు తెరవాలి, పక్క అరల్లోంచి గొట్టాలు లాగాలి, నిచ్చెన దించాలి. కాబట్టి 3.7 మీటర్ల తాడు, రెండు కొసలా కర్రలు. సాయంత్రం కార్లన్నీ వచ్చాక ఇద్దరు మనుషులు తాడు బిగువుగా పట్టుకుని వీధి పొడవునా నడవాలి. తాడు ఆగిన చోటల్లా సుద్దతో గుర్తు. పగలు నడిస్తే ప్రయోజనం లేదు, వీధి ఖాళీగా ఉంటుంది.

తాడు మూడు చోట్ల ఆగింది. రెండు చోట్ల ఎదురెదురు పార్కింగు, ఒక వైపుకి మార్చుకుంటే సరిపోయింది. మూడోది మలుపు. మలుపులో బండి వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వస్తాయి కాబట్టి తాడు పట్టినా బండి పట్టదు. మూలకు రెండు వైపులా అయిదేసి మీటర్లు ఖాళీగా ఉంచమని ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. కాగితం అంటిస్తే ఎవరూ చదవరు. తలుపు తట్టి చెబితే వింటారు. ఇదే నడకలో హైడ్రెంట్ల (ఫైరింజను నీళ్లు పట్టుకునే కుళాయిల) మూతల మీద పెట్టిన పూలకుండీలు, చీకట్లో కనిపించని ఇంటి నంబర్లు కూడా రాసుకోవచ్చు. నంబరు అంకెలు కనీసం 100 మి.మీ. ఎత్తు, గోడ రంగుకు విరుద్ధమైన రంగు.

పండగకు 6 రోజులు

అప్పగింత. షిఫ్టు మారాక గంటకు, ముందే చెప్పిన సమయానికి. వాహనాన్ని బండ్లు బయటికొచ్చే దారికి అడ్డంగా ఒక్క నిమిషం కూడా ఆపకూడదు, "దించేసి తీసేస్తాం" అన్న నిమిషంలోనే గంట మోగుతుంది. పిల్లలుంటే ఎక్కడ నిలబడాలో ముందే చూపించాలి: గోడకు ఆనుకుని, బండి తలుపులకు దూరంగా. పిలుపు వస్తే వీడ్కోలు చెప్పించుకోవాలని చూడకుండా వచ్చిన దారినే తప్పుకోవడమే మర్యాద.

స్టాండు చోటు విషయంలో చివరి క్షణంలో మార్పు. ముందు అనుకున్న మూల పిలుపు స్పీకరు కిందే ఉంది. బ్లోయరు హోరులో ప్రకటన సరిగా వినపడదు. ఉతికే గది పక్కనున్న, కిటికీ ఉన్న గదికి మార్చాం, ప్లగ్గు రెండు మీటర్లు దూరమైంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దని, కొత్త పాయింటు స్టేషన్ ఎలక్ట్రీషియనే వేస్తానన్నారు. అప్పటిదాకా స్టాండు ప్లగ్గు లేకుండా ఉంటుంది.

మొదటిసారి సూటు తొడిగి చూసినప్పుడు బయటపడ్డ లోపాలు రెండు. పొడుగు చేతుల గ్లవ్స్ మణికట్టు దగ్గర బిగుతుగా ఉండి గాలి బయటికి రావడం లేదు, మొన పక్కన వేలు పట్టేంత సందు ఉండాలి, లేదంటే గ్లవ్ బుడగలా ఉబ్బుతుంది గానీ ఆరదు. 25 మి.మీ. మొనలను 20కి మార్చాలి. రెండోది, పెద్ద సైజు ప్యాంటు పాదాలు పెద్ద పైపును తాకుతున్నాయి, కింద గాలి బయటికి పోయే సందు లేదు. గ్యాలిసుల కొక్కేలు 150 మి.మీ. పైకి జరపాలి.

పండగకు 2 రోజులు

గ్లవ్స్ మొనలు మార్చాం. కొక్కేలకు కొత్త రంధ్రాలు వేసి పైకి జరిపాం, పాత రంధ్రాలకు రబ్బరు బిరడాలు. ప్లగ్గు పాయింటు వచ్చింది, లీకేజీ బ్రేకరు టెస్టు బటన్ నొక్కితే పడుతోంది. మూడు కవర్లలో రెండు జట్లవి చేరాయి, మూడో జట్టు రేపు ఉదయం ఎక్కుతుంది. కంట్రోల్ రూమ్ కవరు గేటు దగ్గరే తీసుకున్నారు, లోపలికి రానివ్వరు. వీధిలో మలుపు దగ్గర ఒక కారు మళ్లీ అక్కడే ఉంది, సాయంత్రం మరోసారి తలుపు తట్టాలి. రెండో స్టాండుకు 110 మి.మీ. పైపు కోసి ఉంచాం, దానికి అనుమతి కాగితం పండగ తర్వాత. విడి ఫోమ్ ఫిల్టరు ఫ్రేము వెనక సంచిలో ఉంది.